ముప్పై రెండు మలుపులు, మూడు పెద్ద బండ్లు

చక్రాన్ని ఎవరు కనిపెట్టారో చరిత్ర చెప్పలేకపోయింది. నిప్పు సంగతి అడిగినా నీళ్లు నములుతుంది. అయితే అద్దె కార్ల కంపెనీలో పెద్ద డ్రైవరుగారు చెప్పులు విప్పి బండి నడపడం ఏనాడు ప్రారంభించారన్న విషయంలో మాత్రం ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఉద్యోగంలో చేరిన రెండో రోజు, ఉదయం ఎనిమిదింటికి, షెడ్డు ముందు, వానలో. తడిసిన చెప్పు బ్రేకు మీద జారింది. బండి నేరుగా వెళ్లి షెడ్డు తలుపును పలకరించింది. తలుపుకు పడిన సొట్ట ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరిన డ్రైవర్లను మెకానిక్కు దాని ముందు నిలబెట్టి, ఒక శకం ఇక్కడ ముగిసిందనీ మరొకటి ఇక్కడే మొదలైందనీ చెబుతుంటాడు. వాళ్లు తల ఊపుతారు. కొందరు సొట్టను తాకి చూస్తారు.

ఆనాటి నుంచి ముప్పై నాలుగేళ్లుగా ఆ రెండు పాదాలూ తోలు, రబ్బరు అడ్డం లేకుండా ప్రపంచ మోటారు పరిశ్రమను స్వయంగా పరిశీలిస్తూ వచ్చాయి. విప్పిన చెప్పులు పక్క సీటు కింద పాత పేపరు మీద ఉంటాయి. బ్రేకు అరుగుతోందని మెకానిక్కు పరికరం పెట్టి చెప్పేలోపే పెద్ద డ్రైవరు అరికాలు చెప్పేస్తుంది. ఆయన బండి ఎక్కిన అతిథులు పది నిమిషాల్లో నిద్రపోతారు. వ్యాపారస్తులు, పెళ్లివారు, ఒకసారి ఒక న్యాయమూర్తి, అందరూ నోరు తెరుచుకుని నిద్రపోయినవాళ్లే. కంపెనీ ప్రతిష్ఠ చాలావరకు ఆ నిద్ర మీదే నిలబడి ఉంది.

ఆయన బండిలో పావుగంట కుదురుగా కూర్చోలేని ప్రాణి ఈ భూమ్మీద ఒక్కరే. ఆవిడ ఆయన భార్య.

బజారు దాకా ఫరవాలేదు. చదును రోడ్డు మీద పక్క ఊరి దాకా కూడా, కిటికీ తెరిచి, మాట్లాడకుండా, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని వెళ్లగలదు. కొండ రోడ్డు మాత్రం ఆవిడ కడుపుకు పడదు. ఊరికి పడమట ఆ కొండ, దాని మీద ముప్పై రెండు మలుపులు. ఆవిడ ఇప్పటికి రెండు దండయాత్రలు చేసింది. మొదటిది ఐదో మలుపు దగ్గర విఫలమైంది, రెండోది తొమ్మిదో మలుపు దగ్గర. రెండూ పెద్ద డ్రైవరు చేతి మీదుగా, మంచి కంపెనీ కార్లలో జరిగినవే. రెండోదానికి ఇప్పుడు పదకొండేళ్లు.

కొండకు అవతల ఆవిడ అక్క ఉంది.

మునుపు అక్కే కొండ దాటి వచ్చి పోయేది; ఇప్పుడు అక్క మోకాళ్లు మెట్లు దిగనివ్వవు, చెల్లెలి కడుపు మలుపులు ఎక్కనివ్వదు. కాబట్టి పదకొండేళ్లుగా అక్కచెల్లెళ్లు ఫోనులోనే కాపురం చేస్తున్నారు. రోజూ ఉదయం ఏడున్నరకు మొదలు. ఈ మధ్య అక్కకు వినికిడి తగ్గింది. తగ్గిన మాట ఒప్పుకోదు. "లైను బాగాలేదే" అంటుంది. చెల్లెలు గొంతు పెంచుతుంది. అలా పెంచుతూ పెంచుతూ పోగా, అక్కగారి మోకాళ్ల తాజా పరిస్థితి ఇప్పుడు వీధి చివరి దర్జీకి కూడా తెలుసు.

"చెవి మిషను కొనిచ్చాను. పెట్టుకోదు. గూట్లో పెట్టి దుమ్ము దులుపుతోంది," అన్నాడు మెకానిక్కు. అతను వాళ్లిద్దరికీ తమ్ముడు. రెండు నెలలకోసారి మోటారుసైకిలు మీద కొండ దాటి వెళ్లి వస్తుంటాడు. "ఎదురుగా కూర్చుంటే మాత్రం పెదాలు చూసి అన్నీ పోల్చుకుంటుంది చిన్నక్కా. నేను గొణుక్కున్నవి కూడా."

చిన్నక్క నిలబడి ఫోను కొంగుతో తుడిచింది.

ఆ వారంలోనే కంపెనీలో మేనేజరమ్మ పెద్ద డ్రైవరును పిలిచింది. అతిథుల కోసం కంపెనీ ఒక పెద్ద ఎస్‌యూవీ కొనాలనుకుంటోంది, మూడు వరసల సీట్లున్నది, ఎదుటి వీధి వాళ్లు కూడా తలుపు తీసి చూసేంతటిది. ముగ్గురు తయారీదార్లు పోటీ. తలా రెండు రోజులు బండి ఇస్తారట.

"మూడూ కొండ మీద నడిపి ఏది మేలో రాసివ్వండి పెద్దాయనా. ఇదిగో ఫారం."

ఫారంలో పదకొండు గళ్లున్నాయి. ఎత్తులో లాగుడు, బ్రేకు, స్టీరింగు, మలుపులో వాలు, వెనక సీట్లలో కుదుపు, ఇలా.

"వెనక సీట్లలో బరువుండాలని రాశారు. ఇసుక బస్తాలు వేయించనా?"

పెద్ద డ్రైవరు వెనక సీట్ల కుదుపు గడి మీద వేలు పెట్టాడు.

"ఇసుక బస్తాకు కడుపులో ఎలా ఉందో మనకి తెలీదు కదమ్మా," అన్నాడు. "మా ఆవిడని తీసుకెళ్తాను."

"ఆవిడకి కొండ పడదంటారుగా?"

"అందుకేనమ్మా. ఆవిడకి పడిందంటే ఇంకెవరికైనా పడుతుంది."

మేనేజరమ్మకు ఇందులో తర్కం కనిపించింది. సంతకం పెట్టింది.

ఇంట్లో అంత సులువుగా సాగలేదు.

"అంటే ఇసుక బస్తాల బదులు నన్ను వేస్తున్నారన్నమాట."

"బదులని కాదే. బస్తా కంటే నువ్వు..."

"ఊఁ, కంటే?"

"బావా, అక్కడితో ఆగు," అన్నాడు మెకానిక్కు, గుమ్మంలో కూర్చుని గోళ్ల కింది నూనె గీక్కుంటూ. "ఆ వాక్యానికి క్షేమంగా బయటపడే దారి లేదు."

పెద్ద డ్రైవరు ఆగాడు. తర్వాత వేరే దారిలో వచ్చాడు. "మూడు బండ్లే. లోకంలో ఇంతకంటే మంచివి లేవంటున్నారు. వీటిలో ఒకటైనా నిన్ను అవతలికి చేర్చకపోతే ఇంక నేను అడగను."

ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టింది. "వాంతి అయితే మీ కొత్త బండి పాడవుతుంది."

"ఫారంలో దానికీ ఒక గడి ఉందిలే చిన్నక్కా," అన్నాడు తమ్ముడు.

మొదటిది నల్లబండి. నిలుచున్నచోటి నుంచి ఆరు సెకన్లలో నూరు కిలోమీటర్ల వేగం అందుకుంటుందని కాగితంలో రాశారు. రెండున్నర టన్నుల వస్తువుకు అంత తొందర దేనికో కాగితంలో రాయలేదు. పెద్ద డ్రైవరు చెప్పులు విప్పి, పాదం ఆనించి, కొంచెం నొక్కాడు. కొండే దిగివచ్చి తమను ఎక్కించుకుంటున్నట్టు అనిపించింది. భార్య నడిమి వరసలో, బావమరిది వెనక వరసలో. ఎత్తులో ఎక్కడా గేరు వెతుక్కోలేదు, ఇంజను రొప్పలేదు. బ్రేకు వేలితో పట్టినట్టు పట్టింది. కానీ ప్రతి మలుపులోనూ నల్లబండి భుజం వాల్చేది. ఐదో మలుపు దాటారు. ఆరో మలుపులో ఆవిడ మాట్లాడటం మానేసింది. ఏడో మలుపు దగ్గర చెయ్యి పైకెత్తింది.

ఆవిడను పిట్టగోడ మీద కూర్చోబెట్టి, తమ్ముడిని కాపలా పెట్టి, పెద్ద డ్రైవరు ఒక్కడే కొండ కొస దాకా వెళ్లి వచ్చాడు. ఫారం నిండాలి కదా. తిరిగి వచ్చేసరికి అక్కాతమ్ముళ్లు పల్లీలు తింటున్నారు.

"ఎలా ఉంది బండి?" అనడిగాడు ఆవిణ్ణి, పరీక్షాధికారి గొంతుతో.

"చాలా బావుందండీ. నేనే బాలేను."

రెండోది తెల్లబండి. దీనికి ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల స్థానంలో గాలి సంచులు. గుంత మీదుగా పోతే ఆ సంగతి గుంతకూ చక్రానికీ మధ్య రహస్యంగానే ఉండిపోయేది. లోపల ఎంత నిశ్శబ్దమంటే వెనక వరసలో మెకానిక్కు ఆవలించడం ముందుకు వినిపించింది. పెద్ద డ్రైవరుకు ఆశ కలిగింది. తొందరపడ్డాడు. మెత్తదనానికి ఒక ఇబ్బంది ఉంది: మలుపు అయిపోయిన సంగతి తెల్లబండికి ఆలస్యంగా తెలిసేది. రోడ్డు తిన్నగా అయ్యాక కూడా అది ఇంకో ఊపు ఊగి, సర్దుకుని, అప్పుడు నిటారుగా నిలబడేది. సరిగ్గా సర్దుకునే వేళకు తర్వాతి మలుపు వచ్చేది.

నాలుగో మలుపు. ఇంతకుముందెన్నడూ ఇంత త్వరగా ఓడిపోలేదు.

"అన్నిటికంటే మెత్తని బండి కదే," అన్నాడు ఆయన, నీళ్ల సీసా అందిస్తూ. గొంతులో పరీక్షాధికారి లేడు.

"పడవలా ఉందండీ." ఆవిడ మొహం కడుక్కుని కొండ పైకి చూసింది. "ఇంక వద్దులెండి. అక్కకి ఉత్తరాలు రాస్తాను. చదవగలదు కదా."

ఆవిడ ఉత్తరం రాయడం ఆయన పెళ్లయిన నాటి నుంచి చూడలేదు.

మూడో బండి వచ్చిన రోజు ఉదయం ఏడున్నరకు ఆవిడ మామూలుగానే ఫోను చేసింది. పెద్ద డ్రైవరు గడ్డం గీసుకుంటున్నాడు.

"అక్కా, నేనే."

అవతలి నుంచి ఏదో ప్రశ్న.

"నేనే అక్కా. చిన్నదాన్ని." గొంతు పెంచింది. దర్జీ కుట్టుమిషను ఆగింది. "చిన్నదాన్ని. నేనే."

అవతల "ఎవరో తెలీటం లేదమ్మా, ఇంట్లో ఎవరూ లేరు" అన్న మాటలు, మర్యాదగా, పరాయివాళ్లతో అన్నట్టు, అద్దం దగ్గరున్న ఆయనకు కూడా వినిపించాయి. తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు. ఆవిడ ఫోను పక్కన పెట్టి, లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది.

"పదండి, బండి వచ్చిందన్నారుగా," అంది.

బూడిదరంగు బండి ఆ రెంటికంటే గట్టి మనిషి. సీట్లు బిగువు, గుంత ఉంటే ఉందని దాచకుండా చెబుతుంది. టైర్ల రొద కొంచెం లోపలికి వస్తుంది. అయితే మలుపుల్లో వెనక చక్రాలు కూడా కాస్త తిరుగుతాయట; అంత పొడుగు శరీరమూ చిన్న కారులా ఒదిగి తిరిగేది. వాలు తక్కువ. స్టీరింగు ఎంత అడిగితే అంతే ఇచ్చేది, కొసరు వెయ్యదు. పెద్ద డ్రైవరు అరికాలుకు అది వెంటనే నచ్చింది.

ఐదు. ఏడు. తొమ్మిది.

తొమ్మిదో మలుపు దాటినప్పుడు ముగ్గురూ గమనించారు, ఒక్కరూ పైకి అనలేదు. పదిహేనో మలుపు దగ్గర వెనక నుంచి ఎర్రబస్సు ఒకటి హారను కొట్టి, వీళ్లను దాటుకుని, బడబడలాడుతూ పైకి పోయింది. కిటికీ పక్కన ఒక ముసలావిడ బత్తాయి ఒలుచుకుంటూ కనిపించింది.

"బావా, మనని బస్సు దాటింది," అన్నాడు మెకానిక్కు.

"దాటనీరా. వాళ్లకేం పనుందో."

ఇరవై నాలుగు. ఇరవై ఎనిమిది. ఆవిడ నిమ్మకాయ ఒళ్లో పెట్టుకుని లోయకేసి చూస్తోంది. ముప్పై రెండో మలుపు తర్వాత రోడ్డు తిన్నగా ఉండటం చూసి, "ఇంకెన్నున్నాయి?" అంది.

"అయిపోయాయే."

"అయిపోయాయా," అంది ఆవిడ, ఇంకా కొన్ని ఉంటే బాగుండునన్నట్టు.

అక్క ఇల్లు రెండో అంతస్తు. మెట్లు ఇరుకు, చెక్క కమ్మీ వదులు. తలుపు తట్టి లాభం లేదని తమ్ముడు తన తాళంచెవితో తీశాడు. అక్క కిటికీ దగ్గర కూర్చుని దిండు గలీబుకు గుండీ కుడుతోంది. తల ఎత్తి, ముందు తమ్ముణ్ణి చూసి, తర్వాత అతని పక్కకు చూసింది. సూది గలీబులో గుచ్చి, గలీబు మడిచి, పక్కన పెట్టింది. అంతా సావకాశంగా.

"ఇంత చిక్కిపోయావేమిటే?" అంది.

"చిక్కలేదే. పదకొండేళ్లయింది."

ఈసారి అక్క లైనును తప్పు పట్టలేదు. చెల్లెలి పెదాల మీదే కళ్లు పెట్టి, చెల్లెల్ని దగ్గరగా లాక్కుని కూర్చోబెట్టుకుంది. పావుగంటలో ఇద్దరూ పోట్లాటలో పడ్డారు. చిన్నప్పుడు నాన్నగారి గడ్డం గీసుకునే అద్దం ఎవరు పగలగొట్టారన్నది విషయం. ఆ కేసు యాభై ఏళ్లుగా తేలలేదు. సాక్షి అయిన తమ్ముడు అప్పటికి పుట్టలేదు, అయినా ఇద్దరూ అతన్నే సాక్ష్యం అడిగారు.

పెద్ద డ్రైవరు మెట్ల మీద కూర్చుని ఫారం నింపాడు. "బూడిదరంగు బండి అన్ని గళ్లలోనూ మేలు" అని రాసి, "అన్ని" కింద గీత గీశాడు.

మర్నాడు తిరిగి వచ్చాక మేనేజరమ్మ ఫారం చదివి, పక్కనున్న కంప్యూటరులో ఏదో చూసి, మళ్లీ ఫారం చదివింది. మూడు బండ్లలోనూ వేగం నమోదు చేసే పెట్టె ఒకటి ఉందన్న సంగతి పెద్ద డ్రైవరుకు అప్పుడే తెలిసింది.

"పెద్దాయనా, కొండ ఎక్కేటప్పుడు నల్లబండి సగటు నలభై ఆరు. తెల్లది నలభై నాలుగు. బూడిదది ఎంతనుకుంటున్నారు?"

"అంతే ఉంటుందమ్మా. మూడూ ఒకేలా నడిపాను."

"పంతొమ్మిది."

ఆయన కంప్యూటరు తెర వైపు వంగి చూశాడు. పంతొమ్మిదే. ఒక్క మలుపులో కూడా ఇరవై రెండు దాటలేదు. ముప్పై నాలుగేళ్లు అందరి బ్రేకుల గుట్టూ చెప్పిన అరికాలు తన గుట్టు మాత్రం ఆయనకు చెప్పకుండా దాచింది.

"నేను అబద్ధం రాయలేదమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి.

"రాశారని ఎవరన్నారు? పంతొమ్మిదిలో నడిపితే మా అమ్మమ్మ మంచం కూడా మలుపులో వాలదు పెద్దాయనా, అదే చెబుతున్నా."

ఆయన ఫారం అడిగి తీసుకుని, రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి మూడు రోజులూ మూడు బండ్లూ మళ్లీ తెప్పించి, ఈసారి నిజంగానే ఇసుక బస్తాలతో, ఒకే వేగంలో కొండ ఎక్కించి దించాడు. కొత్త ఫారంలో సూటిగా రాశాడు: లాగుడులో, బ్రేకులో నల్లది, మలుపుల్లో, స్టీరింగులో బూడిదది, చదును రోడ్డు మీద వెనక సీట్లో నిద్రపోదలచినవారికి తెల్లది. కంపెనీ అతిథులు ఎక్కువగా తిరిగేది చదును రోడ్ల మీద. కంపెనీ తెల్లబండి కొన్నది. బూడిదరంగు బండి తన ఊరికి తాను వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి ఆయన ఈ కథంతా భార్యకు చెప్పాడు. పంతొమ్మిది దగ్గర కొంచెం తడబడ్డాడు.

"నాకు తెలుసు," అంది ఆవిడ.

"నీకెలా తెలుసు?"

"మధ్య అద్దంలో మీరు రోడ్డు చూస్తున్నారా? ముప్పై రెండు మలుపులూ నన్నే చూశారు. వెనక బస్సు హారను మూడుసార్లు కొడితేగాని వినపడలేదు మీకు."

ఆయన తన అరికాలు వంక ఒకసారి చూసుకున్నాడు. "ఆ బండి పోయింది. వచ్చే నెల అక్క దగ్గరికి ఎలా మరి?" అన్నాడు చివరికి.

"బస్సు ఉందిగా."

"బస్సా?" ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాటలో పలికింది. పెద్ద డ్రైవరు భార్య బస్సెక్కడమంటే, షెడ్డులో ఎవరి మొహం చూడాలి.

"అది మనని దాటిందే కాని పరిగెత్తలేదండీ. ముసలిది, పరిగెత్తలేదు కూడా. లోపల ఆవిడెవరో హాయిగా బత్తాయి ఒలుచుకుంటోంది, చూశారా?"

ఆయన చూడలేదు. ఆయన ఆ సమయంలో ఏం చూస్తున్నాడో ఇద్దరికీ తెలుసు.

మరుసటి నెల మొదటి మంగళవారం ఎనిమిదింపావు బస్సుకు ఇద్దరూ బయల్దేరారు. తోడు రానక్కరలేదని ఆవిడ చెప్పింది. బస్సు డ్రైవరు ఎలా నడుపుతాడో ఒకసారి చూసి పెట్టడం తన బాధ్యత అని ఆయన చెప్పాడు. మెకానిక్కు స్టాండు దాకా వచ్చి, "బావా, మనవాళ్ల పరువు నీ చేతిలో ఉంది. వెనక నుంచి సలహాలు ఇవ్వకు," అని దీవించి పంపాడు. ఎడమ పక్క మూడో వరస. ఆవిడ కిటికీ దగ్గర, ఆయన నడవ వైపు. ఇంకొకళ్లు నడిపే బండిలో పెద్ద డ్రైవరు కూర్చోవడం పెళ్లయిన తర్వాత ఇదే మొదటిసారి.

బస్సు బడబడలాడుతూ, తనకు తోచిన గేరులో, నింపాదిగా కొండెక్కింది. డ్రైవరు కుర్రవాడైనా చెయ్యి నిదానం. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఐదో మలుపు దగ్గర ఆవిడ సంచిలోంచి బత్తాయి తీసింది. తొమ్మిదో మలుపు దగ్గర ఒక తొన ఆయనకు ఇవ్వబోయి, మొహం చూసి, తొన వెనక్కి తీసుకుంది. కిటికీ పక్క సీటు ఇచ్చి, తను నడవ వైపు జరిగి, వీపు మీద చెయ్యి వేసింది.

పన్నెండో మలుపు దగ్గర బస్సు ఆపించవలసి వచ్చింది. ఆయన కోసం.